బావ చేత పాలు లేని టీ తాగించడానికి

మా ఊళ్లో ఎవరైనా తిరుపతి వెళుతున్నానంటే గుండు చేయించుకుంటావా అని అడుగుతారు. నన్నూ అడిగారు. లేదు, మా బావ చేత పాలు లేని టీ తాగించడానికి వెళుతున్నాను అంటే, అది ఏ దేవుడి మొక్కు అని అడిగారు. తిరిగొచ్చాక ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నేను కాకినాడలో పిల్లలకు సైన్సు చెబుతాను. ఖాళీ వేళల్లో ఆకు టీలు చేసుకుంటాను. కొట్లో దొరికే పొడి కాదు, ఆకు ఆకుగా విడివిడిగా ఉండేది. దానికి మల్లెమొగ్గలు, ఎండు గులాబీ రేకులు, నిమ్మగడ్డి, కమలాతొక్క, ఒక్కో స్టీలు డబ్బాలో ఒక్కోటి కలిపి వాసన పట్టిస్తాను. మల్లె టీ కావాలంటే ఆకు మీద మొగ్గలు పరిచి మూత పెట్టి, తెల్లారాక మొగ్గలన్నీ ఏరి పారేయాలి. మళ్లీ కొత్త మొగ్గలు పరవాలి. ఆదివారాలు పక్కింటివాళ్లను పిలిచి చిన్న కప్పుల్లో పోసి, ఏది ఎలా ఉందో అడుగుతాను. అందరూ బాగుందంటారు. తర్వాత ఇంటికి వెళ్లి టీ పెట్టుకుంటారు. మావారు దీన్ని వేడినీళ్ల పిచ్చి అంటారు కానీ, ఆయన పిచ్చి పేకాట కాబట్టి ఇద్దరం ఒకరి జోలికి ఒకరం పోము.

మా అక్క సుగుణ ఎప్పుడో తిరుపతిలో చదువుకోడానికి వెళ్లి, అక్కడే మునిరత్నం అనే ఆయన్ని పెళ్లి చేసుకుని, చిత్తూరు పక్కన ఒక పల్లెలో ఉండిపోయింది. మా బావది పాడి. ఆవుల్ని చూసుకోవడం, పాలు పితకడం, పాల కేంద్రానికి పోయడం, ఆ మిగిలిన వాటితో టీ తాగడం. రోజుకు పది పన్నెండు సార్లు, మీగడ తీయని పాలలో, చెంచా నిలబడేంత పంచదారతో. పోయిన నెల కొట్టంలో ఆవు కాళ్ల దగ్గర పడిపోయాడు. ఆసుపత్రిలో గుండెకు స్టెంటు వేసి, మానేయాల్సినవి చెప్పి పంపించారు. ఉప్పు తగ్గించాడు, వేపుళ్లు మానేశాడు, మాత్రలు వేళకు వేసుకుంటున్నాడు. టీ మాత్రం మాననన్నాడు.

అక్క ఫోన్ చేసింది. ముప్పై ఏళ్లలో మా వైపు భాష పూర్తిగా వదిలేసింది.

"నువ్వేందో ఆకులేసి నీళ్ల టీ పెడతావంట గదా. ఆటిల్లో ఒక్కటన్నా ఈ మనిషి తాగేట్టు చెయ్యి. ఇంకోసారి పడితే లేచేది కష్టమని డాక్టరు నాకు సెప్పినాడు. ఈయనకు సెప్పలే."

రేషన్ బియ్యం వచ్చాయని చెప్పినట్టు చెప్పింది. అక్క ఆసుపత్రిలో కూడా కంట తడి పెట్టలేదని మా పిన్ని ముందే చెప్పింది, మెచ్చుకోలుగా. నాకు అది మెచ్చుకునే సంగతిలా అనిపించలేదు, భయం వేసింది. డబ్బాలన్నీ ఒక సంచిలో సర్ది, కెటిల్ బట్టల మధ్య చుట్టి రైలెక్కాను.

శ్రీకాళహస్తి

మా స్కూల్లో తోటి టీచరు కలంకారీ దుపట్టా తెమ్మంది కాబట్టి ముందు కాళహస్తిలో దిగాను. గుడి పక్క సందుల్లో బట్ట మీద బొమ్మలు వేసేవాళ్ల ఇళ్లున్నాయి. నేను వెళ్లిన ఇంట్లో వెంకటరమణ అనే ఆయన వెదురు పుల్లతో ఏనుగు కాలు గీస్తున్నాడు. ఇల్లంతా విరిగిన పాల వాసన. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారట.

"పాలెందుకండీ?" అన్నాను.

"రంగు పాకకుండామ్మా. పాలు తాగిన గుడ్డ మీద గీత నిలబడతాది."

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన ముందు ఏనుగు కాలు పూర్తి చేశాడు.

"మీ బావను తప్పు పట్టేదానికి లేదమ్మా. ఈడ గుడ్డకే పాలు పోస్తాం. మనిషికి పొయ్యకుండా ఎట్టా?"

వాళ్లావిడను అడిగి పొయ్యి మీద నీళ్లు కాచి, ఎండు మందార రేకుల టీ పోసిచ్చాను. అది నా డబ్బాల్లో అందమైనది, చిక్కటి ఎరుపు. ఆయన గ్లాసు వెలుతురులో పట్టి చూశాడు. తాగలేదు. పుల్ల ముంచి ఒక చిన్న గుడ్డముక్క మీద గీత గీశాడు. గీత ఆరేదాకా ముగ్గురం చూశాం.

"రవంత పటిక తగిలితే నిలబడతాదేమో," అన్నాడు. తర్వాత ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు. "పుల్లగా ఉండాది. నా పనికైతే వస్తాది."

మిగతా గ్లాసు రంగుల గిన్నెల వరసలో పెట్టుకున్నాడు. ప్రయాణంలో నా టీని ఎవరైనా దాచుకోవడం అదే మొదలు. దుపట్టా ధర నేను అనుకున్నదానికి రెట్టింపు చెప్పాడు. నేను బేరం ఆడాను. ఆయన తగ్గించలేదు. టీచరుకు మొత్తం కథ చెప్పి ఇచ్చాను కాబట్టి ఆవిడ ఆ ధరే ఇచ్చింది.

తిరుపతి

తిరుపతిలో బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. పొద్దున్నే పొంగలి, వడ, సాంబారు. మా వైపు పెసరట్టులో ఉప్మా పెట్టుకుని తింటామంటే హోటలాయన నమ్మలేదు. ఒక టిఫిన్లో ఇంకో టిఫిన్ ఎందుకు పెడతారని అడిగాడు. గాజు గ్లాసులో టీ పది రూపాయలు, మీద వేలెడు నురగ. మా బావ కష్టం నాకు కొంచెం అర్థమైంది, ఎందుకంటే ఆ టీ చాలా బాగుంది. నేను రెండు తాగాను.

ఆకు టీకి ఊరూరికీ నీళ్లతో తేడా వస్తుంది. కాకినాడ నీళ్లకు కుదిరిన కొలత ఇక్కడ కుదరకపోవచ్చు. అక్క ఇంటికి వెళ్లి అక్కడ ప్రయోగాలు చేస్తే పరువు పోతుందని, ముందు లాడ్జిలోనే పరీక్ష చేద్దామనుకున్నాను. గది గోడ మీద "గదుల్లో వంట చేయరాదు" అని బోర్డు ఉంది. టీ వంట కాదని నాకు నేను తీర్పు చెప్పుకుని కెటిల్ పెట్టాను. గులాబీ టీ బాగానే వచ్చింది. నీళ్లు మరిగిపోక ముందే దించాలి, మూడు నాలుగు నిమిషాల్లో వడకట్టాలి, అంతకంటే ఆగితే చేదు. అన్నీ సరిగ్గా చేసి, వడకట్టిన ఆకును బాత్రూములో పారేయడానికి వెళ్లాను. జల్లెడ ఒరిగి ఆకు నేల మీద పడింది. దాని మీద నేను పడ్డాను.

నా కేకకు మేనేజరు వచ్చాడు.

"ఎట్టా పడితిరమ్మా?"

"జారి."

"దేని మీద?"

"గులాబీ టీ మీద."

ఆయన బోర్డు వైపు చూశాడు. మంచివాడు. ఆటోలో ఎక్స్‌రే తీయించడానికి తీసుకెళ్లాడు. కుడి మణికట్టు ఎముక చిట్లింది. సిమెంటు కట్టు వేస్తామన్నారు. మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు.

"పుత్తూరు పోండమ్మా, ఆడ ఎముకలకు నాటు కట్టు కడతారు. మా నాయన కొబ్బరిచెట్టు మీంచి పడినాడు, మా తమ్ముడు స్కూటరు మీంచి పడినాడు. మా ఇండ్లల్లో ఎవురు యాడ పడినా పుత్తూరే."

ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని, సైన్సు టీచర్నని ఎవరికీ చెప్పకుండా పుత్తూరు బస్సెక్కాను.

పుత్తూరు

కట్టు కట్టే చోట బెంచీల మీద జనం వరుసగా కూర్చుని ఉన్నారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లు ఎలా పడ్డారో చెప్పాలి. ఒకాయన మామిడిచెట్టు మీంచి పడ్డాడు. ఒకావిడను కోడెదూడ కుమ్మింది. పెళ్లి ఊరేగింపులో చిందేస్తూ కాలవలో పడ్డ కుర్రాడి గురించి అందరూ బాగా మాట్లాడుకున్నారు. నా వంతు వచ్చింది. టీ ఆకు మీద జారాను అన్నాను. బెంచీల మీద వాళ్లంతా నా వైపు తిరిగారు.

"చాయాకు మీదనా?" అంది కోడెదూడ కుమ్మినావిడ. "అంత ఆకు యాడ పోసినారమ్మా?"

కట్టు కట్టే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఏ ఊరమ్మా అని అడిగాడు. కాకినాడ అని నేను ఇంకా పూర్తిగా అనకముందే ఒక్క లాగు లాగాడు. ఆ తర్వాత ఆ ఊరి పేరు నేను ఎలా పూర్తి చేశానో బెంచీల మీద వాళ్లంతా విన్నారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించి, చేతిని మెడకు వేలాడగట్టాడు.

"తడి తగలకూడదు. బరువెత్తకూడదు."

"కెటిల్ ఎత్తొచ్చా?"

"దేనికి?"

"టీ పోయడానికి."

"నువ్వు తాగు. పొయ్యడం ఇంకొకరిని పొయ్యమను."

చెయ్యి నొప్పి ఆ సాయంత్రానికే తగ్గుముఖం పట్టింది. కష్టం వేరే చోట వచ్చింది. పసరూ గుడ్డూ కలిసిన ఆ వాసన నా మెడ కింద, సరిగ్గా ముక్కుకు అందే దూరంలో వేలాడుతోంది. ఆకు టీ సగం ముక్కుతోనే తాగుతాం. కప్పు ఎత్తితే మల్లె రాలేదు, నిమ్మగడ్డి రాలేదు, పుత్తూరు వచ్చింది. అంటే బావకు ఏ టీ నప్పుతుందో తేల్చాల్సిన మనిషికి చెయ్యీ పోయింది, ముక్కూ పోయింది. తల్చుకుంటే బస్టాండులో ఏడుపొచ్చింది.

చిత్తూరు బస్సులో

ఆ జిల్లాలో పుత్తూరు కట్టుతో బస్సెక్కితే ఒంటరిగా ఉండటం కుదరదు. డ్రైవరుతో సహా అందరూ ఎలా పడ్డావని అడిగారు. ఈసారి మెట్ల మీంచి అని చెప్పాను. పక్క సీటావిడ ఉడకబెట్టిన చెనిక్కాయలు, అంటే మా వైపు వేరుశనగలు, ఒలిచి నా ఎడమ చేతిలో పెట్టింది. సంచిలో ఏముందంటే మల్లె టీ డబ్బా మూత తీసి చూపించాను. ఆవిడ వాసన చూసి కళ్లు మూసుకుంది. ఎలా చేస్తారో చెప్పాను.

"అంటే పూలు పారేసి ఆకు పెట్టుకుంటారా?"

"అవునండీ."

ఆవిడ నా చెయ్యి వైపూ, నా మొహం వైపూ చూసి ఇంకో గుప్పెడు చెనిక్కాయలు ఇచ్చింది. దారి పొడవునా మామిడి తోటలు, మధ్యలో గుట్టలు. కండక్టరు నా దగ్గర టికెట్ డబ్బులు తీసుకున్నాడు కానీ, దిగేటప్పుడు సంచి తనే దించాడు.

అక్క ఊరు

బావ వాకిట్లోనే ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టుంది. నన్నూ కట్టునూ చూసి నవ్వాడు.

"ఏం మరదలా, నాకు నీళ్ల టీ పొయ్యను వచ్చి చెయ్యి ఇరగ్గొట్టుకుంటివా? పాలు తాగుంటే ఎముక ఇరిగుండదు."

సైన్సు పాఠంలో పిల్లలకు ఆ మాట చెప్పేది నేనే.

రాత్రి రాగి సంగటి, ఊరిబిండి అనే చెనిక్కాయల పచ్చడి, పులగూర అనే పుల్లటి ఆకుకూర. మా వైపు ముద్ద అంటే అన్నంలో కలుపుకునేది. ఇక్కడ ముద్ద ముందే చేసి కంచంలో పెడతారు, గుంట చేసుకుని పులగూర పోసుకోవాలి. ఎడమ చేత్తో తినబోతే అక్క చెయ్యి మీద ఒక్కటేసి, తనే తుంచి నోట్లో పెట్టింది. చిన్నప్పటి తర్వాత అక్క చేతి ముద్ద తినడం అదే. ఈ చెయ్యి విరగడంలో నాకు దక్కిన లాభం అదొక్కటే.

మర్నాడు పని మొదలుపెట్టాం. నేను చెబుతుంటే అక్క చేస్తుంది. టీ అంటే నల్లగా అయ్యేదాకా మరిగించాలని ముప్పై ఏళ్లుగా నమ్మిన చెయ్యి అది. నీళ్లు దించి ఆకు వెయ్యి అంటే, వేసి మళ్లీ పొయ్యి మీద పెట్టింది. గ్రీన్ టీ ఆకు ఆ దెబ్బకు వేపాకు కషాయంలా తయారైంది. బావ ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఆవుకు కడుపు ఉబ్బినప్పుడు పట్టడానికి పనికొస్తుందని చెప్పాడు. నిమ్మగడ్డి టీ గ్లాసు చూసి, గడ్డి ఆవులకు, పాలు మనుషులకు అన్నాడు. ఏలకుల టీని వాసన చూసి, దీంట్లో పాలు పోస్తే బ్రహ్మాండంగా ఉంటాదన్నాడు. అది నిజమే.

మందార టీ దగ్గర మా ఇద్దరి కళ్లు గప్పి గ్లాసులో కాసిన్ని పాలు పోసుకున్నాడు. మందారం పులుపు. పాలు ముక్కలు ముక్కలుగా విరిగాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పాలు విరగకుండా కాపాడటమే పనిగా బతికిన మనిషి, ఆ ఎర్రటి నీళ్లలో తెల్లటి విరుగుడును చూస్తూ కూర్చుండిపోయాడు. ఆ పూట ఇంకే టీ చూపించినా తల తిప్పుకున్నాడు.

సాయంత్రం నేనే అడిగాను. "బావా, రుచి నచ్చకనా, ఇంకేమన్నానా?"

కొట్టంలో ఆవు మెడ గోకుతూనే చెప్పాడు.

"ఈడ పాలు లేని టీ సావింట్లోనే తాగేది. పీనిగ లేసేదాకా ఆ ఇంట్లో పాలు కాంచకూడదు. పక్కిండ్లోళ్లు నీళ్ల టీ కాంచి తెచ్చి తిన్నె మీద కూసున్నోళ్లకు పోస్తారు. మా నాయన పోయినప్పుడు తాగినా, మా యమ్మ పోయినప్పుడు తాగినా. నాకు నేను పోసుకుని తాగమంటే ఎట్టా తాగేది?"

నవ్వుతూ చెప్పలేదు. ఇది నాలుకతో వచ్చిన పేచీ అనుకుని అన్ని డబ్బాలు మోసుకొచ్చాను. ఏ వాసన పట్టించినా ఆయనకు అందులో చావే కనిపిస్తోంది. అక్కకు ఈ మాట చెబితే, "ఆ సంగతి నాకు తెలుసు. ఆయన పోతే తాగాల్సింది నేను గదా," అని పాత్రలు తోముకుంటూ ఉండిపోయింది.

తిన్నె మీద

తర్వాతి రోజు శుక్రవారం. పొద్దున్నే మొగుడూ పెళ్లాలకు పడింది. ఈపొద్దు పొయ్యి మీదికి పాలు రావని అక్క, అయితే ఈ పొయ్యి దగ్గరికి నేను రానని బావ. కొడవలి తీసుకుని గడ్డి కోసుకురావడానికి పెరటి దారిన వెళ్లిపోయాడు. అక్క తలస్నానం చేసి, తడి జుట్టు విరబోసుకుని, కోపంలో బొట్టు కూడా పెట్టుకోకుండా అల్లం, నిమ్మగడ్డి వేసి టీ పెట్టింది. ఈసారి నేను చెప్పినట్టే చేసింది. మూడు గాజు గ్లాసుల్లో పోసి వాకిట్లో తిన్నె మీదికి, అంటే అరుగు మీదికి, తెచ్చింది. బావ గ్లాసు మీద మూత పెట్టింది. ఇద్దరం మా గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం.

ఇక్కడ చదివేవాళ్లు ఒక్కసారి వీధిలోంచి చూడాలి. పోయిన నెల గుండె జబ్బుతో పడిపోయిన మనిషి ఇల్లు. తిన్నె మీద ఇంటావిడ, జుట్టు విరబోసుకుని, బొట్టు లేకుండా. పక్కన ఊరు నుంచి వచ్చిన చెల్లెలు, చెయ్యి విరిగి మెడకు వేలాడుతూ. ఇద్దరి చేతుల్లో పాలు లేని టీ. ఇంటాయన ఎక్కడా లేడు. ఆ సమయంలో ఊరు ఊరంతా పాల క్యానులు పట్టుకుని మా ముందు నుంచే కేంద్రానికి పోతుంది.

మొదట ఒకావిడ వచ్చింది, క్యాను చంకలో పెట్టుకుని. ఆగింది. గ్లాసులు చూసింది. క్యాను మెల్లగా గోడవారన దించి వెనక్కి వెళ్లిపోయింది. ఏదో మర్చిపోయిందేమో అనుకున్నాను. తర్వాత ఇద్దరు మగవాళ్లు వచ్చి, చెప్పులు దూరంగా విడిచి, భుజం మీది తువ్వాళ్లు తీసి చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. మా వైపు ఇంత మర్యాద లేదు అనుకుని నేను తల ఊపాను. వాళ్లూ ఊపారు.

ఇంకో నలుగురు వచ్చాక మునెమ్మవ్వ వచ్చింది. ఎదురింటి ముసలావిడ. వస్తూనే అక్క మెడ చుట్టూ చేతులు వేసి రాగం ఎత్తుకుంది.

"బంగారట్టా మనిషే సుగుణా. ఒకరి జోలికి పొయ్యేవాడు గాదే. పొద్దన్నే నా వాకిట్లో పాలు పెట్టి పిలిస్తా ఉండె గదే. ఇంక నన్నెవురు పిలుస్తారే."

నాకు అప్పుడు అర్థమైంది. "అవ్వా, బావకేమీ..." అని లేవబోయాను.

"నువ్వు మాట్లాడగాకమ్మా," అని ఎవరో నన్ను భుజం పట్టి కూర్చోబెట్టారు. "చెయ్యి ఇరిగుండాది. నువ్వన్నా బతికినావు." అప్పటికే ఊళ్లో ఒక బస్సు ప్రమాదం కూడా జరిగిపోయిందని నాకు తర్వాత తెలిసింది.

అక్క చెబుతుందిలే అని చూశాను. అక్క చెప్పలేదు. మునెమ్మవ్వ భుజం మీద తల ఆనించి ఏడుస్తోంది. నేను మా అక్కను అలా ఎన్నడూ చూడలేదు. ఒళ్లంతా కదిలిపోతోంది. ఆసుపత్రి వరండాలో ఏడవనిది, ఫోన్లో ఏడవనిది, డాక్టరు చెప్పిన మాట నెల్లాళ్లు కడుపులో పెట్టుకున్నది, మొత్తం ఒక్కసారి వచ్చింది. బతికున్న మనిషి కోసం అక్క ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. అది చూసి మిగతావాళ్లకు ఇంకేమీ అనుమానం లేకుండా పోయింది.

బావ సందు చివర నుంచి గడ్డిమోపుతో వచ్చాడు. తన వాకిట్లో జనాన్ని చూసి మోపు దించాడు. అందరూ తువ్వాళ్లు చేతుల్లో పట్టుకున్నారు కాబట్టి తనూ తీసి పట్టుకున్నాడు. అందరికంటే వెనక నిలబడ్డ సుబ్రమణ్యం అనే ఆయన దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవురు పోయింది సుబ్రమణీ?"

సుబ్రమణ్యం ముందు నుంచి కళ్లు తిప్పకుండానే, "మునిరత్నమన్న," అన్నాడు. తర్వాత పక్కకు తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వేనంట అన్నా," అన్నాడు.

జనం రెండుగా విడిపోయారు. బావ మధ్యలోంచి నడిచి తిన్నె దగ్గరికి వచ్చాడు. మునెమ్మవ్వ రాగం మధ్యలో ఆపి, ఆయన చెయ్యి పట్టుకుని గిల్లి చూసి, తిన్నె మీద చతికిలబడింది. అక్క మాత్రం ఆపలేకపోయింది. మొగుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, అది ఏడుస్తూనే ఉంది.

"మేయ్, నేనుండా గదా. ఎందుకేడస్తావు?"

"ఏడవనీ," అంది అక్క. "నువ్వు పోతే ఇది సూసేదానికి నువ్వుండవు. ఇప్పుడే సూసుకో. ఇట్టా ఉంటాది."

బావ అక్క విరబోసిన జుట్టు వైపు చూశాడు. ఖాళీ నుదురు చూశాడు. మునెమ్మవ్వనూ, సుబ్రమణ్యాన్నీ, గోడవారన మూత కూడా తీయని పాల క్యానునూ చూశాడు. తర్వాత తిన్నె మీద అక్క పక్కన కూర్చుని, తన గ్లాసు మీది మూత తీసి, చల్లారిపోయిన టీని అందరి ముందూ అడుగుదాకా తాగేశాడు. మధ్యలో ఆగలేదు.

"ఇంగ పోండప్పా," అన్నాడు జనంతో. "సచ్చినోడు టీ తాగడు."

వాళ్లు వెంటనే పోలేదు. పలకరింపుకు వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లి స్నానం చేయాలా అక్కర్లేదా అని చర్చ మొదలైంది. పీనిగ లేదు కాబట్టి మైల లేదని కొందరు. వచ్చింది మాత్రం సావు పలకరింపుకే గదా అని కొందరు. చివరికి మునెమ్మవ్వ తేల్చింది.

"ఏడ్సినోళ్లు చెయ్యండి. ఏడవనోళ్లు కేంద్రానికి పోండి, పాలు ఇరిగిపోతాయి."

నలుగురైదుగురు మొహమాటంగా స్నానానికి వెళ్లారు. వాళ్లను బావ గుర్తుపెట్టుకున్నాడని నా అనుమానం. సుబ్రమణ్యం నేరుగా కేంద్రం వైపు నడిచాడు. ఆయన్ని కూడా గుర్తుపెట్టుకున్నాడు. మునెమ్మవ్వ వెళ్లబోతూ నా గ్లాసులో మిగిలింది తాగి చూసి, సావింట్లో పోసేది ఇంత బాగుండదని చెప్పింది. ఈ విద్యలో నాకు దక్కిన మెప్పుల్లో అడగకుండా వచ్చింది అదే.

వాకిలి ఖాళీ అయ్యాక ముగ్గురమే మిగిలాం. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. బావ ఖాళీ గ్లాసును చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"మళ్లా పెట్టు," అన్నాడు. "నువ్వు గూడా తాగు."

అక్క లేచింది. రెండడుగులు వేసిందో లేదో ఆయనే ఆపాడు.

"వొద్దు, ఉండు. నువ్వు ముందు పోయి బొట్టు పెట్టుకో. నీళ్లు నేను పెడతా."

మా బావ వంటింట్లోకి వెళ్లడం నేను అంతకుముందు చూడలేదు. ఏ గిన్నె ఎక్కడుంటుందో తెలియక చాలాసేపు గలగలలాడించాడు. నేను వెళ్లి చూపిస్తానంటే అక్క కళ్లతోనే వద్దంది. లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది.

"మరదలా, ఆకు ఎంతెయ్యాల?"